రేడియోలో సగం పేరు

నా పేరు వెంకటేశ్వరమ్మ. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే గొడవంతా ఆ పేరు గురించే. మా నాన్న కొండకెళ్ళి గుండు చేయించుకొచ్చి మరీ పెట్టాడు. పెట్టడమైతే పెట్టాడు గానీ ఆ పేరుతో నోరారా పిలిచిన మనిషి ఒక్కరూ లేరు. పుట్టింట్లో ఎంకీ అన్నారు. అత్తారింట్లో ఏమే అన్నారు. మా ఆయన బుల్లయ్యకైతే 'ఇదిగో' అన్నదే నా పేరు. గుంటూరు ఏటుకూరు రోడ్డులో మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళ ముఠాకు నేను మేస్త్రిని కాబట్టి, అక్కడ మేస్త్రమ్మనయ్యాను. రేషన్ కార్డు మీద మాత్రం అక్షరం పోకుండా ఉంది. దాన్ని చేతిలో పట్టుకున్న డీలరు కూడా "బుల్లయ్య తాలూకు ఎవరమ్మా?" అని అరుస్తాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ముఠాలో అందరూ అంటారు. ఉంటుంది. ఉండకూడదా? పదేళ్ళు కాయ వలిచి మేస్త్రినయ్యాను. కాటా దగ్గర నిలబడి, ఎవరి కాయ ఎంత శుభ్రంగా ఉందో చూసి, గుమాస్తాతో పోట్లాడి కూలి ఇప్పించేది నేను. నోరు లేనిదాన్నయితే ఈ పని జరుగుతుందా?

మా షెడ్డు సంగతి చెప్పాలి. కోల్డ్ స్టోరేజీ నుంచి కాయ వస్తుంది. గుట్టలు పోసుకుని, ముక్కుకు పైట చుట్టుకుని చుట్టూ కూర్చుంటాం. తొడిమ ఒక పక్కకు, కాయ ఒక పక్కకు. పొద్దుగూకేదాకా అదే పని. మేకుకు నా రేడియో వేలాడుతుంటుంది. అది లేకపోతే ఆడవాళ్ళు ఒకరినొకరు పీక్కు తినేస్తారు.

ఏటా డిసెంబరులో ఆ రేడియోవాళ్ళు ఒక పోటీ పెడతారు. ఈ ఏడాది వచ్చిన పాటల్లో మీకు బాగా నచ్చింది ఏదో కార్డు మీద రాసి పంపమంటారు. జనవరి ఒకటో తారీకున, ఎక్కువమంది కోరిన పది పాటల్ని పదో స్థానం నుంచి మొదలుపెట్టి ఒకటో స్థానం దాకా వేస్తారు. పాటకు ముందు, కోరినవాళ్ళ పేర్లు టైము ఉన్నన్ని చదువుతారు. పాటలు ఎవరిక్కావాలండీ? అవి ఏడాది పొడుగునా చెవులు చిల్లులు పడేలా వింటూనే ఉంటాం. ఆ పేర్ల కోసమే అందరూ చెవులు రిక్కించుకుని కూర్చునేది.

రెండువేల రెండు జనవరిలో ఏం జరిగిందంటే, మా ముఠాలోనే పనిచేసే సుబ్బరావమ్మ పేరు రేడియోలో వచ్చింది. కార్డు తను రాయలేదు. టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్న వాళ్ళ అల్లుడు చైతన్యకృష్ణ, అత్తగారి దగ్గర మంచి అనిపించుకుందామని రాశాడు. ఆ రేడియో అమ్మాయి తేనె పూసినట్టు "ఏటుకూరు రోడ్డు, గుంటూరు నుంచి శ్రీమతి సుబ్బరావమ్మ గారు" అంది. అంతే. ఆ రోజు నుంచి ఈవిడ కాళ్ళు నేల మీద ఆనలేదు.

గుమాస్తా ప్రేమ్‌చంద్ అంతకుముందు ఆమెను "ఏయ్, పెద్దమ్మా" అనేవాడు. మర్నాటి నుంచి "సుబ్బరావమ్మ గారూ" అన్నాడు. టీ గ్లాసు మొదట ఆమెకే. తూకంలో తేడా వస్తే "రేడియోలో పేరొచ్చినదాన్ని, నేను అబద్ధమాడతానా?" అనేది. రేడియోలో వార్తలు చదివేవాళ్ళ గురించి కూడా "మావాళ్ళు" అనడం మొదలుపెట్టింది. ఏడాదంతా భరించాను. నేనే కాబట్టి భరించాను.

నవంబరులో ఒకరోజు ఆమె వలిచిన కాయలో సగానికి తొడిమలు అలాగే ఉన్నాయి. పది మంది ముందూ గంపను కుమ్మరించి చూపించాను.

"ఏంది వదినా ఇది? కళ్ళు మూసుకుని తీశావా?"

సుబ్బరావమ్మ తొణకలేదు, బెణకలేదు. పైట సర్దుకుని, పక్కనున్నవాళ్ళతో చెప్పినట్టుగా అంది: "ఊరూ పేరూ లేనోళ్ళంతా మనకు నేర్పేవాళ్ళేనమ్మా."

నా ఒళ్ళు మండిపోయింది. మిగతా తిట్లు ఏవైనా పడతాను గానీ, ఆ మాట మాత్రం గుండెల్లో గుచ్చుకుంది. నిజం కాబట్టే గుచ్చుకుంది. ఆవేశంలో నోటికి ఏదొస్తే అది అనేశాను.

"ఇదుగో, అందరూ ఇనండి. ఈసారి రేడియోలో నా పేరు రాకపోతే ఈ మేస్త్రిపని సుబ్బరావమ్మకే ఇచ్చేస్తా. ప్రేమ్‌చంద్, నువ్వే సాక్షి."

సుబ్బరావమ్మ నవ్వి, "పెద్దమనుషుల మాట, దాటగూడదు" అంది.

ఇంటికెళ్ళి చెబితే బుల్లయ్య అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "ఇదిగో, నీకేమన్నా పిచ్చా?" అన్నాడు. "పదేళ్ళ కష్టాన్ని పాటల పోటీ మీద పెడతావా?" పిచ్చే. కాదని ఎవరన్నారు? కానీ మాట ఇచ్చేశాక వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు.

పంతం పట్టాక ఊరికే కూర్చోను. మర్నాడే ముఠా అంతటినీ కూర్చోబెట్టి ఎన్నికల్లాగే నడిపాను. ముందు పాట తేలాలి. ఒక్కొక్కతీ ఒక్కో పాట అంది. పదో తరగతి పాసై, చర్చిలో పాటలు పాడే మహిమకు ఏదో మెల్లగా సాగే పాట ఇష్టం. ఆ పాట వింటే నాకు నిద్రొస్తుంది. సుబ్బరావమ్మ "నా ఓటు నా ఇష్టం, ఉయ్యాల పాటకే" అని విడిగా వెళ్ళిపోయింది. నేను పాటలు చూడలేదు, ఆటోలు చూశాను. ఆ నెలలో ఏ ఆటో ఎక్కినా గొడుగు పాటే మోగుతోంది. వానలో తడుస్తూ హీరోగారు హీరోయిన్ గొడుగులోకి చోటడిగే పాట. ఆ అమ్మాయి ఇవ్వదు, ఈయన పోడు. నాకైతే ఆ పాట వింటే ఇద్దరికీ చెరో దెబ్బ వెయ్యాలనిపిస్తుంది. అయినా సరే, గెలిచే గుర్రం అదే. అందరి ఓట్లూ గొడుగుకే అన్నాను.

రాతపని మహిమది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక గుట్ట పక్కనే చాప పరుచుకుని రాసేది. ప్రతి కార్డు మీదా పాట, కింద "తొడిమలు తీసే ముఠా, మిరపకాయల షెడ్డు, ఏటుకూరు రోడ్డు, గుంటూరు" అని రాసి, పేర్లలో మొట్టమొదట నాది. తర్వాత ముఠాలో అందరివీ. ఒకరోజు కలం ఆపి అడిగింది.

"పిన్నీ, సుబ్బరావమ్మత్త పేరు కూడా రాయనా?"

"ముఠాలో ఉందా, లేదా?"

"ఉంది."

"అయితే రాయి. కాకపోతే చివర్న రాయి. బాగా చివర్న."

అప్పుడే తుపాను పట్టుకుంది. ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. షెడ్డు రేకులు ఎక్కడ పడితే అక్కడ కారుతున్నాయి. కార్డులు తడిస్తే సిరా కరిగిపోతుంది. ఇంటికి తీసుకెళ్దామంటే మా ఇల్లు షెడ్డు కన్నా ఎక్కువ కారుతుంది. అదీగాక సుబ్బరావమ్మ కన్ను వాటి మీదే ఉంది. షెడ్డులో ఎప్పుడూ తడవనిది ఒక్కటే, చెక్కల మీద ఎత్తుగా పేర్చిన మిరపకాయ బస్తాలు. కాయ తడిస్తే షావుకారు ఊరుకోడు కాబట్టి, అక్కడ చుక్క పడదు. తేజ రకం కాయ దించగా ఖాళీ అయిన గోనెసంచిలో కార్డులన్నీ పెట్టి, మూతి బిగించి, ఆ బస్తాల నడుమ దోపాను. వాన వెలిసేదాకా అక్కడే ఉన్నాయి. బ్యాంకు లాకర్లో నగ దాచుకున్నంత ధీమాగా ఉన్నాను. నాదేం తప్పండీ? మీరైతే ఎక్కడ పెట్టేవారు?

వాన తగ్గాక మూట తీసుకుని పోస్టాఫీసుకెళ్ళాను. అక్కడ కౌంటరులో కూర్చునే సుభానీ ముద్ర కొట్టడానికి కట్ట విప్పాడో లేదో తుమ్మాడు. రెండో కట్ట విప్పి మళ్ళీ తుమ్మాడు. కళ్ళెర్రబడ్డాయి, ముక్కు కారుతోంది.

"జలుబు చేసినట్టుందయ్యా. వానలు గదా, మిరియాల పాలు తాగు" అన్నాను.

"ఇప్పటిదాకా బాగానే ఉన్నా మేస్త్రమ్మా" అన్నాడు పాపం, జేబురుమాలు వెతుక్కుంటూ. ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళ ఒళ్ళు ఇంత సుకుమారమేమిటా అనుకుని వచ్చేశాను.

జనవరి ఒకటి. సెలవైనా ముఠా అంతా షెడ్డుకు వచ్చింది. మహిమ చర్చి నుంచి తిన్నగా, కొత్త చీరలో, కేకు పట్టుకుని వచ్చింది. ప్రేమ్‌చంద్ కుర్చీ వేసుకుని న్యాయమూర్తిలా కూర్చున్నాడు. రేడియోకు కొత్త బ్యాటరీలు వేశాను. సుబ్బరావమ్మ పట్టుచీర కట్టుకొచ్చింది. కాటా పట్టుకోవడానికి పట్టుచీరెందుకో ఆమెనే అడగాలి.

పదో స్థానం, తొమ్మిదో స్థానం అంటూ పాటలు వస్తున్నాయి. ఉయ్యాల పాట నాలుగో స్థానంలో వచ్చింది గానీ సుబ్బరావమ్మ పేరు రాలేదు. "ఒకసారి వచ్చినోళ్ళకు మళ్ళీ ఎందుకులే" అంది దర్జాగా. మూడు అయింది. రెండు అయింది. గొడుగు పాట ఊసే లేదు. అసలు పదిలోనే లేదేమోనని రేడియోకు చెవి ఆనించాను.

"ఇక, శ్రోతల అభిమానాన్ని అందరికన్నా ఎక్కువగా చూరగొని, ఈ ఏడాది మొదటి స్థానంలో నిలిచిన పాట..." అంటూ రేడియో అమ్మాయి కాసేపు ఊరించి, గొడుగు పాట పేరు చెప్పింది.

షెడ్డు దద్దరిల్లిపోయింది. మహిమ నన్ను వాటేసుకుంది. నేను "ఉష్ష్! నోళ్ళు ముయ్యండే, పేర్లు!" అని అరిచాను.

"ఈ పాట కోరుతూ గుంటూరు నుంచి ఒక పెద్ద కట్టే వచ్చింది. ఇదిగో, విప్పుతున్నాను. తొడిమలు తీసే ముఠా, ఏటుకూరు రోడ్డు నుంచి... శ్రీమతి వెంకటే..."

హాచ్!

"క్షమించాలి. శ్రీమతి వెంకటే... హా... హాచ్!"

ఆ తర్వాత ఆ పిల్ల తుమ్మిన తుమ్ములు అన్నీ ఇన్నీ కావు. రేడియో అదిరిపోయింది. ఎవరో మగాయన గబగబా వచ్చి, "మిగతా పేర్లు నేను చదువుతాను. శ్రీమతి వెం... వెం..." అని, ఆమెకన్నా గట్టిగా తుమ్మాడు. వెనకాల కుర్చీ పడ్డ చప్పుడు. ఎవరో దగ్గుతూ "బయట పడెయ్యండి, బయట పడెయ్యండి!" అంటున్నారు. మరుక్షణం టక్కుమని పాట మొదలైపోయింది. వాన, గొడుగు, ఆ ఇద్దరి గోల. పాట అయిపోయేసరికి టైము అయిపోయింది. తర్వాత రైతులకు సూచనలు. మిరపలో తామర పురుగు గురించి చెప్పడానికి వచ్చినాయన కూడా నమస్కారం చెప్పకముందే రెండు తుమ్ములు తుమ్మాడు.

సుభానీ ముక్కు అప్పుడు గుర్తుకొచ్చింది నాకు. తేజ కాయల ఘాటు పట్టిన ఆ గోనెసంచి గుర్తుకొచ్చింది. మా ఎవరికీ ఆ ఘాటు తెలియలేదు. ఎలా తెలుస్తుంది? మా ముక్కులు ఎప్పుడో మొద్దుబారాయి. ఇంటికెళ్ళాక తలారా స్నానం చేస్తే గానీ మా మనవరాలు నా ఒళ్ళోకి రాదు. దగ్గరికి తీసుకుంటే తుమ్మి ఏడుస్తుంది. ఆ సంగతి రోజూ చూస్తూ కూడా, కార్డులు తుమ్మిస్తాయని నా బుర్రకు తట్టలేదు.

"వచ్చింది గదా పేరు!" అన్నాను, ఎంత గట్టిగా అనగలనో అంత గట్టిగా.

"ఎక్కడొచ్చింది?" సుబ్బరావమ్మ లేచి నిలబడింది. "ఎంకటే అన్నారు. ఎంకటేశ్వర్లు కావచ్చు, ఎంకటేశం కావచ్చు. మన జిల్లాలో సగం మంది వాళ్ళేగా."

"శ్రీమతి ఎంకటేశ్వర్లు అనేవాణ్ణి నీ జన్మలో చూశావా?"

"సగం వలిచిన కాయను నువ్వెప్పుడన్నా కాటా ఎక్కించావా వదినా? సగం పేరును నేనెట్టా ఎక్కించుకోను?"

ప్రేమ్‌చంద్ గొంతు సవరించుకుని, "పేరంటే పూర్తిగా రావాలి గదా మేస్త్రమ్మా" అన్నాడు. నేను మాట మీద నిలబడే మనిషిని. కాటా కొక్కెం తీసి సుబ్బరావమ్మ చేతిలో పెట్టాను. నా పీట కూడా ఇచ్చేశాను. వెళ్ళి గుట్ట దగ్గర, అందరితోపాటు కింద కూర్చున్నాను. ఏడుపొచ్చింది గానీ, చచ్చినా ఏడవలేదు.

రేడియోను మాత్రం మేకు మీదే వదిలేశాను. ముఠా ఏం పాపం చేసింది? నేనే దాని మాట వినడం మానేశాను. అందులో పేర్లు చదవడం మొదలయ్యిందంటే చాలు, లేచి పంపు దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని.

సుబ్బరావమ్మ మేస్త్రిపని చూసి తరించాలి. గొంతు పెగలదు. ఇద్దరు పోట్లాడుకుంటే ఇద్దరిదీ న్యాయమే అంటుంది. గుమాస్తా తూకం తగ్గిస్తే, "సుబ్బరావమ్మ గారూ" అన్న పిలుపుకే కరిగిపోయి తలూపేస్తుంది. సాయంత్రానికి ముఠా అంతా ఆమె మీద పడేవాళ్ళు. నాలో నేను సంతోషించాను. అబద్ధమెందుకు ఆడాలి, బాగా సంతోషించాను.

ఒకరోజు మధ్యాహ్నం శ్రోతల ఉత్తరాల కార్యక్రమం మొదలైంది. నేను మామూలుగానే లేచి పంపు దగ్గరికి వెళ్ళి, కాళ్ళు చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాను. పంపు చప్పుడులో లోపలి మాట ఒక్కటీ వినపడదు. అందుకే అక్కడికి వెళ్ళేది.

కాసేపటికి షెడ్డు గుమ్మంలోంచి ఒక కేక వినిపించింది.

"ఓ వెంకటేశ్వరమ్మ గారూ!"

ఎవరినో అనుకున్నాను. నిజంగానే అటూ ఇటూ చూశాను, ఎవరొచ్చారా అని.

"ఓ వెంకటేశ్వరమ్మ గారూ! నిన్నే వదినా! రా, తొందరగా రా!"

సుబ్బరావమ్మ. చేతిలో కాటా కొక్కెం పట్టుకుని పరిగెత్తుకొస్తోంది. ఆ వయసులో, ఆ ఒళ్ళుతో, అలా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. నేను వెళ్ళేసరికి రేడియోలో ఇంకెవరి ఉత్తరమో చదువుతున్నారు.

"అయిపోయింది పిన్నీ" అంది మహిమ, రేడియో వంక, నా వంక చూస్తూ. "నీ పేరు పూర్తిగా చదివింది. మనందరివీ చదివింది. అన్నీ."

"ఏమంది?"

"కొత్త సంవత్సరం రోజు తుమ్ములకు క్షమించమంది. ఆ కార్డులు పెరట్లో దులిపి, ఎండలో ఆరబెట్టి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని చదువుతున్నానంది. ఒక్క కట్ట విప్పితేనే మేం స్టూడియో వదిలి పారిపోయాం, వీళ్ళు రోజంతా అందులోనే కూర్చుని మా పాటలు వింటున్నారట, వీళ్ళ పేర్లు చదవకపోతే ఇంకెవరివి చదవాలి అంది. తర్వాత మొట్టమొదట నీ పేరే."

ఏడాదంతా దేనికోసం చచ్చానో అది వచ్చింది. వచ్చినప్పుడు నేను కాళ్ళు కడుక్కుంటున్నాను. నా అంత మూర్ఖురాలు ఈ గుంటూరు జిల్లాలో ఇంకొకతె ఉంటుందా? ఆ పంపును పీకి పారేద్దామన్నంత కోపం వచ్చింది.

"ఆఖర్న నా పేరు కూడా వచ్చింది వదినా" అంది సుబ్బరావమ్మ. "నా ఓటు నీ పాటకు వెయ్యనే లేదు. నా పేరెందుకు రాయించావు?"

"ముఠాలో ఉన్నావు గదా. రాయించక చావనా?"

ఆమె ముక్కు చీది, కొక్కెం నా చేతిలో పెట్టింది. "ఇదిగో, నీది నువ్వు తీసుకో. ఈళ్ళతో అరవలేక నా పీక ఎండిపోయింది. నువ్వు ఇనకపోతే ఏం, మేమందరం ఇన్నాం."

కొక్కెం తీసుకున్నాను. కానీ కాళ్ళు కాటా వైపు కదలలేదు.

"వదినా, ఇందాక బయట నన్ను ఏమని పిలిచావు?"

"ఏమనేముంది? రేడియో అమ్మాయి ఎట్టా అంటే అట్టా."

"ఇంకోసారి అను."

సుబ్బరావమ్మ నా మొహంలోకి చూసింది. వెక్కిరిస్తుందేమో అనుకున్నాను. వెక్కిరించలేదు. కొంగు నడుముకు దోపి, గొంతు సవరించుకుని, అచ్చం ఆ అమ్మాయిలాగే, షెడ్డంతా వినపడేలా అంది:

"ఏటుకూరు రోడ్డు, గుంటూరు నుంచి... శ్రీమతి వెంకటేశ్వరమ్మ గారు!"

ఎవరూ తుమ్మలేదు. ప్రేమ్‌చంద్ కుర్చీలోంచి లేచి, టీ గ్లాసు తెచ్చి మొదట నాకే ఇచ్చాడు. నేను గ్లాసు పట్టుకుని గోడ వైపు తిరిగి, పైటతో మొహం తుడుచుకున్నాను.

"ఏంది పిన్నీ, ఏడుస్తన్నావా?" అంది మహిమ.

"ఏడుపా? నాకా? కళ్ళలో కారం పడిందే" అన్నాను.

ముఠా అంతా ఒక్కసారిగా గొల్లుమని నవ్వింది. ఏళ్ళ తరబడి ఏ కారమూ కన్నీళ్ళు తెప్పించలేకపోయిన కళ్ళు మావి. ఆ షెడ్డులో ఆ అబద్ధం ఎవరు నమ్ముతారు?